జ్వరం పద్దు

గుంటూరు జిల్లా చరిత్ర అనగానే మనవారి కలం నేరుగా 1921కి పోయి ఆగుతుంది. ఆగటం న్యాయమే. చీరాల-పేరాల, పెదనందిపాడు, పల్నాటి పుల్లరి - ఒకే జిల్లాలో, ఏడాది వ్యవధిలో, ఇన్నిచోట్ల జనం సర్కారును ధిక్కరించి నిలవటం చిన్న విషయం కాదు. కాని ఆ జనం అంతకు మూడేళ్ల ముందు ఏ స్థితిలో వున్నారు? 1918 దసరా దీపావళుల నడుమ వారి ఇళ్లలో ఏమి జరిగింది? ఈ ప్రశ్న వేసినవారు తక్కువ. నేను చదివినంతలో మన ఉద్యమ చరిత్రలలో ఇన్‌ఫ్లుయెంజా అనే మాట కనిపించటమే అరుదు. కనిపించినా ఒక వాక్యంతో సరి.

నాకు ఈ ప్రశ్న పుస్తకాల నుంచి రాలేదు. మా నాయనమ్మ నుంచి వచ్చింది. ఆమెది పర్చూరు వైపు నల్లరేగడి ఊరు. తల్లి ఎప్పుడు పోయిందని అడిగితే సంవత్సరం చెప్పలేకపోయేది. "గొర్రు పట్టేవాళ్లు లేక చేలు బీడుపడ్డ ఏడు" అనేది. వానలు లేక బీడుపడ్డాయని చెబుతున్నదేమో, మాట తడబడిందేమో అని నేను చాలాకాలం అనుకున్నాను. చరిత్ర చదువుకున్న తరువాత గాని ఆ మాట అక్షరాలా నిజమని తెలిసిరాలేదు. ఆ ఏడు వానలూ లేవు. పడ్డ కాస్త పదునుకు విత్తనం వేద్దామంటే లేచి నిలబడగల మనుషులూ లేరు.

ఆ ఏడు తెలుగు లెక్కన కాళయుక్తి. ఇంగ్లీషు లెక్కన 1918. మొదటి ప్రపంచయుద్ధం ముగింపుకు వస్తున్న కాలం. జూన్ నెలలో బొంబాయి రేవులో పనిచేసే పోలీసు సిపాయిలు కొందరు జ్వరంతో ఆసుపత్రిలో చేరారు. సైనికులను మోసుకువచ్చిన ఓడలతోపాటు జ్వరం కూడా దిగింది. తొలి అల తేలికగానే పోయింది. సెప్టెంబరులో మళ్లీ లేచిన రెండో అల రైలు పట్టాల వెంట దేశమంతటా పాకి, అక్టోబరు, నవంబరు నెలల్లో మద్రాసు రాజధానిని చుట్టబెట్టింది. మామూలు జ్వరాలు ముసలివాళ్లనూ పసివాళ్లనూ తీసుకుపోతాయి. ఇది ఇరవైకీ నలభైకీ నడుమ, రెక్కలాడే వయసువాళ్లను ఎక్కువగా పట్టింది. మగవాళ్లకంటే ఆడవాళ్లు ఎక్కువగా చనిపోయారు. నాలుగైదు రోజులలో ఊపిరితిత్తులు నిండి మనిషి నీలంగా మారి పోయేవాడు. కారణం ఒక సూక్ష్మక్రిమి అని ఆనాటి డాక్టర్లు భ్రమపడ్డారు. మనుషులలో ఈ జ్వరాన్ని పుట్టించే వైరస్‌ను వేరుచేసి చూపింది 1933లో గాని కాదు.

ఎందరు పోయారు? ఇక్కడే అసలు కథ వున్నది. భారత ప్రభుత్వ శానిటరీ కమిషనరు నార్మన్ వైట్ వేసిన తొలి అంచనా 60 లక్షలు. 1921 జనాభా లెక్కలు తీసిన తరువాత అది కోటీ ఇరవై లక్షలు దాటింది. 1986లో అయాన్ మిల్స్ అనే పండితుడు తిరగవేసి చూస్తే కోటీ 70, కోటీ 80 లక్షల మధ్యకు వచ్చింది. యుద్ధంలో చనిపోయిన భారత సైనికులు సుమారు 74,000 మంది. వారికి ఢిల్లీలో రాతితో ద్వారం కట్టారు. 1911 నుంచి 1921 వరకు సాగిన దశాబ్దంలో మన దేశ జనాభా పెరగలేదు సరికదా, కాస్త తగ్గింది. జనాభా లెక్కలు మొదలైన తరువాత అటువంటి దశాబ్దం మరొకటి లేదు. మద్రాసు రాజధాని బొంబాయి, పంజాబులంత ఘోరంగా దెబ్బతినలేదంటారు. ఆ మాట పోలికకు చెల్లుతుంది. ఇక్కడా చనిపోయినవారు లక్షలలోనే వున్నారు. దశాబ్దం మొత్తం మీద జనాభా నామమాత్రంగానే పెరిగింది.

ఒక సంఘటనలో చనిపోయినవారి సంఖ్య 60 లక్షల నుంచి మూడింతలకు పెరగటం ఎలా సాధ్యం? ఊరి రిజిస్టరు తెరిస్తే తెలుస్తుంది. ఆనాడు జనన మరణాలు రాయటం గ్రామ మునసబు పని. కబురు తెచ్చేది వెట్టివాడు. రిజిస్టరులో మరణకారణాలకు కొన్ని గడులు: కలరా, మశూచి, ప్లేగు, జ్వరం, విరేచనాలు, శ్వాసరోగాలు, దెబ్బలు, ఇతరములు. మునసబు డాక్టరు కాడు. కలరానూ మశూచినీ కంటితో చూసి పోల్చుకోగలడు. తక్కినదంతా ఆయనకు జ్వరమే. మలేరియాతో పోయినా జ్వరం, టైఫాయిడుతో పోయినా జ్వరం, బాలింత జ్వరంతో పోయినా జ్వరం. కాళయుక్తి సంవత్సరంలో ఆ జ్వరం గడి పొంగిపొరలింది. ఇన్‌ఫ్లుయెంజాకు వేరే గడి లేదు. కాబట్టి అధికారులు ఏమి చేశారంటే, గత సంవత్సరాల సగటు జ్వర మరణాలు తీసుకుని, 1918లో అంతకు మించినవెన్నో చూసి, ఆ మిగులును ఇన్‌ఫ్లుయెంజా కింద వేశారు. ఆ రోజులలో అంతకంటే మెరుగైన పద్ధతి లేదు. కాని దాని బలమంతా మునసబు రాసిన రాత మీద ఆధారపడి వుంది. మునసబే మంచం పట్టిన ఊరిలో రాసేదెవరు? వెట్టివాడే పోయిన వాడలో కబురు తెచ్చేదెవరు? వెట్టివాడి ఇల్లు ఎక్కడ వుండేదో మనకు తెలుసు. ఊరికి దూరంగా, మాల మాదిగ పల్లెలో. అంటే రోగం ఎక్కడ ఎక్కువ మందిని తిన్నదో, లెక్క అక్కడే ముందుగా తెగిపోయింది.

"రోగానికి కులం లేదు, వర్గం లేదు" అనే మాట ఆనాడూ విన్నారు, 2020లో మనమూ విన్నాం. చదువుకున్నవారు కూడా దీన్ని గొప్ప మానవతావాదంగా చెబుతారు. సూక్ష్మదర్శిని కింద అది నిజం కావచ్చు. ఆ మాట అనేవారు బొంబాయి నగరపు లెక్క ఒకటి చూడాలి. అక్కడ మునిసిపాలిటీ మతాల వారీగా, కులాల వారీగా మరణాలు రాసిపెట్టింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజాతో యూరోపియనులలో వెయ్యికి 8 మంది పోగా, అణగారిన కులాల హిందువులలో వెయ్యికి 61 మంది పోయారు. తక్కిన హిందువులలో వెయ్యికి 19. ఒకే ఊరు, ఒకే గాలి, ఒకే వైరస్. తేడా గదిలో ఎందరు పడుకున్నారన్నది, కడుపులో ఏమి వున్నదన్నది, పడుకోవటానికి సెలవు దొరికిందా అన్నది. ఆడవాళ్ల మరణాలు ఎక్కువ కావటానికి కూడా కారణం వారి శరీరంలో వెతకనవసరం లేదు. ఇంటిల్లిపాదీ పడకవేసినా నీళ్లు తేవలసింది ఆమె; రోగికి గంజి పట్టవలసింది ఆమె; మిగిలితే తినవలసింది ఆమె.

కడుపులో ఏమి వున్నదన్న ప్రశ్న 1918లో మామూలు ప్రశ్న కాదు. ఆ ఏడు నైరుతి వర్షాలు దారుణంగా దెబ్బతిన్నాయి. దానికి ముందే యుద్ధం ధరలను ఎగదోసింది. జొన్న, బియ్యం, ఉప్పు, కిరసనాయిలు, బట్ట అన్నీ పెరిగాయి. పత్తి పండించే రైతు ఒంటిమీద బట్టకు గతిలేని చిత్రం ఆ రోజులదే: పత్తికి వచ్చిన ధర దళారి దగ్గరా ప్రెస్సు దగ్గరా ఆగిపోయింది, బట్టకు పెరిగిన ధర మాత్రం ఆగకుండా పల్లె దాకా వచ్చింది. 1918 వేసవి నుంచి సెప్టెంబరు వరకు మద్రాసు రాజధానిలో వందకు పైగా చోట్ల జనం ధాన్యపు కొట్ల మీద, సంతల మీద పడ్డారు. సెప్టెంబరులో మద్రాసు నగరంలోనే దోపిడీలు జరిగితే కాల్పుల దాకా పోయింది. పోలీసు కాగితాలలో వాటి పేరు లూటీ. ఆకలిగొన్నవాళ్లు చాలాచోట్ల ధాన్యాన్ని తమకు న్యాయమని తోచిన ధరకు అమ్మమని అడిగారనీ, వ్యాపారి ఒప్పుకోనప్పుడే కొట్లు బద్దలయ్యాయనీ ఆ ఘటనలను పరిశోధించిన డేవిడ్ ఆర్నాల్డు వంటి చరిత్రకారులు చూపారు. అదే కాలంలో సర్కారు ఏమి చేస్తున్నది? భారత ప్రజల తరఫున యుద్ధ ఖర్చులకని 10 కోట్ల పౌనులు 1917లోనే సామ్రాజ్యానికి కానుక చేసింది. 1918లో రెండో యుద్ధరుణం వసూలు చేస్తున్నది. డాక్టర్లలో చాలామందిని యుద్ధానికి తరలించింది. సర్కారు జిల్లాల తెలుగువారికి అప్పటికి ఒక్క వైద్య కళాశాల లేదు. విశాఖపట్నంలో మొదటిది 1923లో వచ్చింది, గుంటూరుకు 1946లో. గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లర్ నెలకొల్పిన లూథరన్ మిషన్ స్త్రీల ఆసుపత్రి వంటివి వుండేవి. వాటి సేవను తక్కువచేసి మాట్లాడనక్కరలేదు. కాని ఒక జిల్లా ఆరోగ్యం విదేశీ భక్తుల చందాల మీద నిలబడి వుండటం పాలనకు యోగ్యతాపత్రం కాదు.

జ్వరం ఏ దారిన వచ్చిందో చూస్తే ఈ నేల ఆర్థిక పటం మొత్తం కళ్లకు కడుతుంది. 1918 నాటికి గుంటూరు జిల్లాకు రెండు రైలుదారులున్నాయి. ఒకటి పడమటి నుంచి. సదరన్ మరాఠా కంపెనీ గోవా తీరం నుంచి హుబ్లీ, బళ్లారి, గుంతకల్లు మీదుగా వేసిన మీటరు గేజి లైను. అది నంద్యాల, కంభం, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట, గుంటూరుల గుండా బెజవాడకు చేరుతుంది. రెండోది దక్షిణం నుంచి. 1899లో పూర్తయిన మద్రాసు-బెజవాడ లైను. ఒంగోలు, చీరాల, బాపట్ల, తెనాలి దాని మీదివే. ఈ రెండు దారులూ జనం సౌకర్యం కోసం వెలసినవి కావు. పత్తి, నూనెగింజలు, ధాన్యం, పొగాకు, మిరప - మెట్ట మీద పండినదాన్ని రేవుకు చేర్చటానికి, లాంకషైరు బట్టను పల్లెకు చేర్చటానికి వేసినవి. బొంబాయి జ్వరం అక్టోబరులో మద్రాసుకు చేరిందంటే నడిచి రాలేదు. పట్టాల మీద వచ్చింది; సెలవు మీద వచ్చే సిపాయితో, రైల్వే కళాసీతో, తపాలా బంట్రోతుతో వచ్చింది. స్టేషను నుంచి సంతకు, సంత నుంచి ఊరికి, ఊరి నుంచి పల్లెకు పోయింది.

దీనికి కరువు తోడయింది. వాన తప్పిన ఏడు మెట్ట జనం కృష్ణ కాలువల కిందికి, వరికోతల ఆశతో దిగటం ఈ నేలకు పాత అలవాటు. పల్నాడు, మార్కాపురం వైపువారు మూటాముల్లె కట్టుకుని తెనాలి, రేపల్లె వైపు రావటానికి కరువు కంటే పెద్ద పిలుపు అక్కరలేదు. కోతలకాలం జ్వరపుకాలం వెంటనే వచ్చింది. కళ్లాల దగ్గర, కాలువ గట్ల మీద, పశువుల కొట్టాలలో గుంపులుగా పడుకునే కూలీలలో ఈ జ్వరం ఎలా వ్యాపిస్తుందో చెప్పటానికి డాక్టరు అవసరం లేదు. ఇక్కడ ఒక్క సంగతి గమనించమని కోరుతాను. ఇదే రైలులో పోయే ప్రతి పత్తి బేలుకు తూకం వుంది, రసీదు వుంది, ముద్ర వుంది. ఏ స్టేషనులో ఎక్కిందో, ఏ రేవులో దిగిందో, దారిలో ఎన్ని పౌనులు తరుగు పోయిందో కంపెనీ పుస్తకాలలో రాసి వుంది. బేలు కట్టిన మనిషి ఆ ఏడు వున్నాడో పోయాడో రాసిన గడి ఒక్కటే. జ్వరం.

మన జనం కరువులకు పేర్లు పెట్టి గుర్తుంచుకున్నారు. 1832-33 నాటిది నందన కరువు. గుంటూరు మండలంలో అయిదు లక్షల జనంలో మూడో వంతుకు పైగా పోయారని అంచనా. 1876-78 నాటిది ధాత కరువు. బకింగ్‌హాం కాలువ ఒంగోలు వైపు తవ్వినది ఆ కరువు పనులలోనే. మశూచికి పోలేరమ్మ వుంది, ఊరి పొలిమేరన గుడి వుంది. కాళయుక్తి జ్వరానికి పేరు లేదు, గుడి లేదు. (2020లో పత్రికలన్నీ మహమ్మారి అని రాస్తుంటే నాకు నవ్వు వచ్చింది. పాపం, పాత కలరా దేవతకు ఈ వయసులో కొత్త ఉద్యోగం.) మూడు నెలలలో వచ్చి పోయింది, అందరినీ ఒకేసారి పడవేసింది, ఏడవటానికి కూడా ఆరోగ్యవంతులు కావాలి కదా. మరుపుకు అది ఒక కారణం కావచ్చు.

సాహిత్యం మాట కూడా చెప్పుకోవాలి. హిందీ కవి నిరాలా ఆ జ్వరంలో భార్యనూ, ఇంటివాళ్లలో పలువురినీ పోగొట్టుకున్నాడు. 'కుల్లీ భాట్'లో ఆ రోజులు రాశాడు. మనకు అటువంటి పుట ఏది? ఉన్నవ లక్ష్మీనారాయణ గుంటూరు బారిస్టరు. పల్నాటి ఉద్యమంలో జైలుకు పోయి అక్కడ 'మాలపల్లి' రాశాడు. ఈ జిల్లా కూలి జనాన్ని, కూలి తగాదాను, ఆకలిని నవలకెక్కించిన తొలి మహానుభావుడాయన. తెలుగు సాహిత్యానికి ఆయన చేసిన మేలు మరొకరు చేయలేదనే నేను అంటాను. ఆ తరంలోనే తక్కిన రచయితలు చాలామంది ప్రేమగీతాలలో తలమునకలై వున్నారు. అది నేరమని అనను. కాని ఇంటింటా శవం లేచిన శరదృతువులో మన భావకవులకు వెన్నెల ఒక్కటే కనిపించటం ఆలోచించదగ్గ విషయం.

ఇక 1921. జ్వరం వల్లనే ఉద్యమం వచ్చిందనటం మొరటు లెక్క అవుతుంది. శవాలను కూడితే విప్లవం రాదు. గాంధీ పిలుపు వుంది, శిస్తు భారం వుంది, అడవి పుల్లరి వుంది, రైతులలో పెరిగిన చైతన్యం వుంది. అయినా రెండు సంగతులు నన్ను వదలవు. చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసినది జ్వరం వెళ్లిన ఏడాదికే. సర్కారు చెప్పిన కారణం పారిశుద్ధ్యం. ప్రజలకు కనిపించింది పన్ను. ఏడాదికి నాలుగువేల రూపాయల నుంచి నలభైవేలకు పెరిగిందని వారి ఫిర్యాదు. రోగం పేరు చెప్పి పన్ను వేసే దొరతనం రోగం వచ్చినప్పుడు ఎక్కడుందని ఆ నేతగాళ్లకు అనిపించి వుండదా? దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట వేలమంది ఇళ్లు వదిలి రామనగరు పాకలలో పదకొండు నెలలు వుండటానికి, సర్కారు మాట మీద నమ్మకం అంతకు ముందే చచ్చిపోయి వుండాలి. రెండోది పెదనందిపాడు. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శిస్తు నిరాకరణ సాగినప్పుడు ఊరూరా గ్రామోద్యోగులు రాజీనామాలు ఇచ్చారు. అంటే కాళయుక్తిలో ఆ జ్వరం గడి నింపిన ఉద్యోగాలే అవి. కలం పెట్టి కూర్చుని ఒకే మాటను పుటల కొద్దీ రాసిన చేయి మూడేళ్ల తరువాత సర్కారు లెక్క రాయనన్నది.

నూట రెండేళ్లు గడిచి శార్వరి వచ్చింది. ఈసారి వైరస్ రూపం నెలలోపే తెలిసింది, ఏడాదిలోపు టీకా వచ్చింది. శాస్త్రం చేయవలసిన పని చేసింది. కాని గుంటూరుకు వైరస్ కంటే ముందు దాని ధర వచ్చింది. 2020 ఆరంభంలో చైనాకు మన తేజ మిరప ఎగుమతి నిలిచిపోవటంతో యార్డులో ధర పడిపోయింది. ఇంకా జిల్లాలో ఒక్కరికీ దగ్గు రాలేదు. ఊహానులో మూతపడ్డ హోటలు మాత్రం ప్రత్తిపాడు రైతు కళ్లంలోకి వచ్చి కూర్చున్నది. ప్రపంచ మార్కెట్టు అంటే ఏమిటో విద్యార్థులకు చెప్పటానికి నేను ఏళ్ల తరబడి పడిన ప్రయాస ఆ నెలలో తప్పింది.

మార్చి 24 రాత్రి నాలుగు గంటల వ్యవధితో దేశం మూసివేశారు. మన నేలమీద అది మిరపకోతల అదను. కోసిగి, ఆదోని, మంత్రాలయం ప్రాంతాల నుంచి కూలీలు పిల్లలను బడి మాన్పించి మరీ కుటుంబాలతో గుంటూరు జిల్లాకు వస్తారు. పొలం గట్టునే పట్టాలు కప్పుకుని వుంటారు. వారికి ఇంట్లో వుండండి అని చెప్పారు. ఇల్లు ఎక్కడ? హైదరాబాదు నుంచి వచ్చేవారు కృష్ణ వంతెన దాటి పొందుగుల దగ్గర ఆగిపోయారు. యార్డు మూశారు, టిక్కీలు కోల్డు స్టోరేజీలకు పోయాయి. వ్యవసాయపు పనికి మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు అర్థం కాస్త ఆలోచించండి: కాయ చెట్టున మగ్గిపోకూడదు. మే నెలలో జాతీయ రహదారి మీద ఎర్రటి ఎండలో నడిచిపోయే వలసకూలీలకు తిండి, నీరు ఇవ్వమని రాష్ట్ర హైకోర్టు చెప్పవలసివచ్చింది.

మూడు సంఘటనలు చెబుతాను. ఏప్రిల్ 18న పన్నెండేళ్ల ఆదివాసీ బాలిక చనిపోయింది. తెలంగాణలో ములుగు జిల్లా మిరపచేలలో కోతలకు వచ్చి, పని ఆగిపోగా, పెద్దల వెంట అడవిదారిన మూడు రోజులు నడిచి, ఛత్తీస్‌గఢ్‌లోని సొంత ఊరి పొలిమేర చేరబోతూ పడిపోయింది. పరీక్ష చేస్తే వైరస్ లేదన్నారు. మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరపకోతల నుంచి తిరిగివస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని కొట్టుకుంది. కనీసం తొమ్మిదిమంది పోయారు. జూలై చివర కురిచేడులో మద్యం దుకాణాలు మూతపడగా శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది కూలినాలి చేసేవాళ్లు, అడుక్కునేవాళ్లు. ఈ ముగ్గురు గుంపులలో ఎవరినీ కరోనా మరణాలలో రాయలేదు. రాయకూడదు కూడా, వైద్యుడి లెక్కన అది సరైనదే. కాని 2020లో ఈ నేలమీద కరోనా కాలం ఎవరిని చంపిందని రేపు చరిత్ర రాసేవాడు అడిగితే, వైద్యుడి లెక్క ఒక్కటే అతని చేతిలో పెట్టి పంపుదామా?

నింద వేయటానికి మాత్రం గడి వెంటనే దొరికింది. 1918లో యుద్ధంలో లేని స్పెయిను దేశం తన పత్రికలలో నిజం రాసినందుకు జ్వరం దాని పేరిట చెలామణి అయింది. 2020 ఏప్రిల్‌లో ఢిల్లీ నిజాముద్దీను ప్రార్థనలకు పోయివచ్చిన ముస్లిములను దేశమంతా వేలెత్తి చూపారు. గుంటూరు, నరసరావుపేటలలో కేసులు పెరిగినప్పుడు పండ్ల బండి తోసుకునే మనిషి పేరు అడిగి కొనే పరిస్థితి నేను కళ్లారా చూశాను. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు పీఠం, ఆ సమావేశానికి వచ్చిన విదేశీయులను బలిపశువులను చేశారని స్పష్టంగా చెప్పి కేసులు కొట్టివేసింది. తీర్పు పత్రికలో లోపలి పుటలో వచ్చింది. మే నెలలో కోయంబేడు కూరగాయల మార్కెట్టు నుంచి లారీల వెంట రోగం మన జిల్లాలకు వచ్చినప్పుడు మార్కెట్టు మతం ఏమిటని ఎవరూ అడగలేదు.

చివరకు లెక్క మళ్లీ పాత చోటికే వచ్చింది. 2021 వేసవిలో రెండో అల ఊళ్లను ఊపివేసిన తరువాత, ఆ ఏడాది చివరి వరకు దేశంలో కరోనా మరణాలు 4 లక్షల 80 వేల చిల్లర అని సర్కారు చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేసిన అంచనా 47 లక్షలు. పద్ధతి ఏమిటి? మామూలు ఏళ్లలో చనిపోయేవారి సగటు తీసి, మించినవారెందరో చూడటం. నార్మన్ వైట్ కాలం నాటి పద్ధతే. సర్కారు ఆ అంచనాను ఒప్పుకోలేదు. చనిపోయినవారి కుటుంబాలకు 50,000 రూపాయలు ఇవ్వమని సుప్రీం కోర్టు 2021లో ఆదేశించినప్పుడు మాత్రం కాగితాలు మాట్లాడాయి. ఆంధ్రప్రదేశ్‌లో అధికారిక మరణాలు 14 వేల పైచిలుకు. 2022 జనవరి నాటికి వచ్చిన దరఖాస్తులు 36 వేలకు పైన.

ఆ దరఖాస్తులలో నేను నింపినవి కొన్ని వున్నాయి. ఊళ్లో పదవీ విరమణ చేసిన మాస్టరంటే ఈ పని తప్పదు. ఒక కోడలు అత్త కాగితాలు తెచ్చింది. అత్త కోల్డు స్టోరేజీ దగ్గర మిరపకాయలకు తొడిమలు తీసే పనిలో వుండేది. మే నెలలో పనిలోనే దగ్గు పట్టి, ఇంటిదగ్గరే ఆరు రోజులకు పోయింది. పరీక్ష చేయించలేదు. పరీక్ష కాగితం లేకపోతే దరఖాస్తు నిలవదని నాకు తెలుసు.

"ఎన్ని కిలోలు తీసిందో రాసిన చీటీలున్నాయి మాస్టారూ, అవి పనికొస్తాయా?" అని అడిగిందామె. ఒక రబ్బరుబ్యాండు కట్టిన చీటీల కట్ట నా ముందు పెట్టింది. రోజువారీగా, తేదీ వేసి, గ్రాములతో సహా రాసి వున్నాయి. చివరి చీటీ మీద తేదీ మే 11.

మరణపత్రం తీసి చూశాను. కారణం అన్నచోట ఎవరో అందమైన దస్తూరీతో రాశారు: జ్వరం, ఆయాసం.